తుపాకీ ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు?

తుపాకీ లైసెన్సు దరఖాస్తులో ఒక కాలమ్ ఉంటుంది. ఆయుధం ఎందుకు కావాలో అందులో రాయాలి. పంట కాపలాకని రాయొచ్చు, ఆటకని రాయొచ్చు, ఆత్మరక్షణకని రాయొచ్చు. ఈ కాలమ్‌ని నింపేవాళ్ళలో ఆడవాళ్ళు ఎప్పుడూ తక్కువే. అలాగని ఆయుధం పట్టిన ఆడవాళ్ళు మన చరిత్రలో తక్కువేం కాదు. మౌలాలి గుట్ట నుంచి తార్నాక దాకా ఉన్న నాలుగైదు కిలోమీటర్ల నేలే దానికి సాక్ష్యం చెబుతుంది. వాళ్ళకు ఆయుధం ఎలా వచ్చింది, మళ్ళీ ఎలా పోయింది అన్నది మాత్రం మనం అంతగా మాట్లాడుకోలేదు.

ఈ విషయం మీద నేను కూర్చుని ఆలోచించడానికి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న కారణం. తార్నాకలో ఉంటూ చాలా ఏళ్ళుగా చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని కనుక, పరిశోధన చేసే పిల్లలు దేనికైనా నా దగ్గరికి వస్తుంటారు. మౌలాలిలో గది తీసుకుని ఒంటరిగా ఉంటున్న ఆ అమ్మాయి వచ్చి, "మేడమ్, పిస్తోలు కొనాలంటే ఏం చెయ్యాలె?" అంది. నెలల తరబడి ఒకడు ఆమె వెంట పడుతున్నాడు. స్టేషన్‌కి వెళ్తే కాగితం తీసుకోలేదు. "ఇంట్ల చెప్తే చదువు బంద్ చేయిస్తరు మేడమ్" అంది. ఆమెకు కావలసింది మూడు పనులకూ పనికొచ్చే ఒక్క పిస్తోలు: రేంజిలో గురి నేర్చుకోవడానికి, రాత్రిపూట గదిలో దగ్గర ఉంచుకోవడానికి, పొద్దుపోయి లైబ్రరీ నుంచి వచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకోవడానికి.

దీనికి మనలో కొందరు నవ్వొచ్చు. కొందరు అహింస గురించి చెప్పొచ్చు. నాకు ఆ రెండూ సరిపోవనిపించింది. భయపడిన స్త్రీ అడిగిన ప్రశ్న అది, దాన్ని ప్రశ్నగానే తీసుకోవాలి.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో ఆయుధం కలిగి ఉండటం పౌరులకున్న హక్కు కాదు. 1878లో ఇంగ్లీషువాళ్ళు చేసిన ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా జనం ఆయుధం పట్టకూడదంది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో చేసిన చట్టం పద్ధతిని మార్చింది గానీ, ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం అధికారి చేతిలోనే ఉంచింది. నగరంలో ఆ అధికారి పోలీసు కమిషనర్. అడిగే మనిషికి 21 ఏళ్ళు నిండి ఉండాలి. పోలీసు విచారణ జరగాలి. 2016 నాటి నియమాల ప్రకారం తుపాకీని ఎలా పట్టుకోవాలో, ఎలా భద్రపరచాలో నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. ఒకరి పేరున మూడు తుపాకులు ఉండవచ్చన్న పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించింది. ఎన్నికలు వస్తే లైసెన్సున్న తుపాకీని కూడా తీసుకెళ్ళి స్టేషన్‌లో అప్పగించమంటారు. అంటే సర్కారు మనకు తుపాకీని ఇవ్వదు, అరువిస్తుంది.

ఇక ఎంపిక. సినిమాల్లో కనిపించే 9 మిల్లీమీటర్ల పిస్తోలు మామూలు మనిషికి దొరకదు, అది నిషిద్ధ బోరు. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు కొనుగోలుదారులకు 1980ల నుంచీ మూసేసిన దారి. మిగిలేది ఎక్కువగా పాయింట్ 32 బోరు రివాల్వరో, పిస్తోలో. రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే అరల్లో ఉంటాయి. పిస్తోలులో అయితే పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో ఉంటాయి. ఒక్కోసారి పేల్చగానే పై భాగం వెనక్కి జరిగి మళ్ళీ ముందుకొస్తుంది. కొత్తగా పట్టేవాళ్ళకి రివాల్వరే సులువని అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే మాట.

కానీ ఆ అమ్మాయి చెప్పిన మూడు పనులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. గురి నేర్చుకోవడానికి కాస్త బరువైనది, గొట్టం పొడుగైనది మంచిది. అదురును బరువే తీసుకుంటుంది, గురి కుదురుతుంది. బ్యాగులో పెట్టుకోవడానికి చిన్నది, తేలికైనది కావాలి. కానీ తేలికైన తుపాకీ పేలినప్పుడు చేతిని ఎక్కువ అదిలిస్తుంది, గురి తప్పుతుంది. ఇంట్లో అక్కరకు రావాలంటే చేతికి అందేచోట ఉండాలి. ప్రమాదం జరగకూడదంటే తూటాలు తీసి, తాళం వేసి ఉంచాలి. చీకట్లో తలుపు చప్పుడైనప్పుడు తాళం వెతుక్కునే సమయం ఎవరిస్తారు?

2014 జనవరిలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం కాన్పూర్‌లో ఆడవాళ్ళ కోసమని ప్రత్యేకంగా ఒక రివాల్వర్‌ని విడుదల చేసింది. పేరు నిర్భీక్. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత దేశం ఆ అమ్మాయికి పెట్టుకున్న 'నిర్భయ' అన్న పేరుకి ప్రతిధ్వని అది. అర కిలో బరువు, పాయింట్ 32 బోరు, ఆరు తూటాలు. నగల పెట్టె లాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి ఇచ్చారు. ధర 1,22,360 రూపాయలు. నెలకు 8,000 నాన్-నెట్ ఫెలోషిప్ మీద బతికే విద్యార్థిని తిండి మానేసి దాచినా పదిహేను నెలలు పైనే పడుతుంది. ఏ బస్సులో ఆ అమ్మాయి మీద ఆ ఘోరం జరిగిందో అలాంటి బస్సెక్కే ఆడవాళ్ళు కొనగలిగిన వస్తువు కాదది. ప్రభుత్వం చేయాల్సిన పనిని, ఖరీదు కట్టి, నగల పెట్టెలో పెట్టి, స్త్రీకే అప్పజెప్పడం అది.

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం. దూరం పోనక్కర్లేదు, ఆ అమ్మాయి గదికి దగ్గరలోనే, మౌలాలి గుట్ట కింద, మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో చనిపోయిన ఈ కవయిత్రి నిజాం అలీ ఖాన్ దర్బారులో నర్తకి. మగ దుస్తులు వేసుకుని నిజాంతో పాటు వేటకూ యుద్ధాలకూ వెళ్ళేదని, విల్లంబులోనూ ఈటె విసరడంలోనూ నేర్పరి అని రాశారు. పెళ్ళి చేసుకోలేదు. ఆమెకు జాగీర్లుండేవి. ఈనాడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న అడిక్‌మెట్ నేల ఆమె జాగీరులోదే. విశ్వవిద్యాలయం ఆవరణలో ఆమె పేరుతో మెట్లబావి కూడా ఉంది. తల్లి రాజ్ కన్వర్ బాయి పక్కనే తన సమాధిని కూడా కట్టించుకుంది.

ఆమెను మొదటి స్త్రీవాది అని పొగిడేవాళ్ళున్నారు. నాకు ఆ తొందర లేదు. ఈటె ఆమె చేతిలో ఉన్న మాట నిజమే, కానీ ఆమెను కాపాడింది ఈటె కాదు. భూమి, డబ్బు, గుమ్మం దగ్గర సిపాయిలు, దర్బారులో చోటు ఆమెను కాపాడాయి. ఆ నాలుగూ ప్రభువు దయ మీద నిలిచినవి. జాగీరంటే దివాణం ఇచ్చేది, దివాణమే తిరిగి తీసుకునేది.

అదే నిజాం కాలంలో తుపాకీ పట్టిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. జఫర్ పల్టన్ అని ఆడ సిపాయిల పటాలం ఉండేది. ఇంగ్లీషు సిపాయిల్లాగే ఎర్ర కోట్లు వేసుకుని, తుపాకులు పట్టి కవాతు చేసేవాళ్ళు. మామా బరూన్, మామా చంపా అనే ఇద్దరు స్త్రీలు వాళ్ళకి నాయకులు. 1795లో మరాఠాలతో ఖర్దా దగ్గర జరిగిన యుద్ధానికి ఈ పటాలం కూడా వెళ్ళింది. అయితే మామూలు రోజుల్లో వాళ్ళ పని జనానా కాపలా. లోపలి ఆడవాళ్ళని బయటి మగవాళ్ళ నుంచి కాపాడటం, అంతకన్నా ముఖ్యంగా లోపలివాళ్ళు బయటికి పోకుండా చూడటం. మన నగర చరిత్రలో 'ఇంటి రక్షణ' కోసం ఆడదాని చేతికిచ్చిన తుపాకీ ఇది. ఆ ఇల్లు ఆమెది కాదు. అందులో పరువు కూడా ఆమెది కాదు. పేర్లు మిగిలిన ఆ ఇద్దరు నాయకురాళ్ళ గురించి మనకు తెలిసిందల్లా పైవాళ్ళు రాసిపెట్టిన నాలుగు ముక్కలే.

నూట యాభై ఏళ్ళ తర్వాత తెలంగాణ పల్లెల్లో కథ మారింది. ఇక్కడ ఒక విషయం మరిచిపోకూడదు. తుపాకీ వెనక ఆడవాళ్ళు గడీ వైపు కూడా ఉన్నారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తల్లి జానమ్మ కడవెండి గడీలో ఉండి చేసిన దౌర్జన్యాలు ఆ ప్రాంతపు జనం నోళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. 1946 జూలై 4న ఆ కడవెండిలోనే దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. 'స్త్రీ చేతిలో ఆయుధం' అన్న మాటలో స్త్రీ ఎవరు, ఏ కులం, ఏ వర్గం, గడీకి లోపలా బయటా అన్నది చూడకుండా సంబరపడలేం.

అదే దేశ్‌ముఖ్‌తో పాలకుర్తిలో తలపడిన చాకలి అయిలమ్మ చేతిలో తుపాకీ లేదు. సాగు చేసుకుంటున్న కౌలు భూమిలో పంటను దొర మనుషులు ఎత్తుకుపోబోతే, సంఘం వాళ్ళు గుత్పలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు, ధాన్యం ఆమె ఇంటికి చేరింది. ఊళ్ళల్లో ఆడవాళ్ళ మొదటి ఆయుధాలు ఇలాంటివే: రోకలి, కారం, వడిసెల రాళ్ళు. వీటికి లైసెన్సు లేదు, ఎవరూ ఇవ్వలేదు, కనుక ఎవరూ తిరిగి అడగలేరు. వాటి బలం అంతా పక్కన ఎంతమంది ఉన్నారన్న దానిలో ఉంది. ఒక్క మనిషి విసిరిన కారం ఒక్క నిమిషం పనిచేస్తుంది. ఊరు ఊరంతా విసిరితే దొర మనుషులు మళ్ళీ ఆ ఊరికి రావడానికి ఆలోచించుకున్నారు.

ఆ తర్వాత దళాలు వచ్చాయి, తుపాకులు వచ్చాయి. భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం 'రాజక్క' పేరుతో దళంలో తిరిగింది. ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టారు. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. నాకు ఆ పేరు దగ్గర ఆగాలనిపిస్తుంది. తుపాకీ పట్టి తిరిగిన మనిషి, తొంభై ఏళ్ళకు దగ్గరవుతున్న వయసులో, తన ఆయుధం ఏదంటే మాట అంది. 2022 మార్చిలో చనిపోయేదాకా ఆమె దగ్గర మిగిలింది కూడా అదే.

1978లో హైదరాబాదులో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటన ఆ పోరాటంలోని స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే కూర్చిన 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. మనలో చాలామందికి అది చదువు నేర్పిన పుస్తకం. ఈ ప్రశ్నతో మళ్ళీ ఇప్పుడు చదివితే రెండు సంగతులు కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఒకటి, దళంలో స్త్రీ ఉండటమే నాయకత్వానికి ఒక సమస్యగా తోచింది. ఆమె నడవడి గురించి, గర్భం గురించి, పసిబిడ్డ ఏడిస్తే దళం దొరికిపోతుందన్న దాని గురించి చర్చలు నడిచాయి. బిడ్డల్ని వదులుకోవాల్సి వచ్చిన తల్లులున్నారు. రెండు, 1951 అక్టోబరులో పోరాటం ఆపినప్పుడు తుపాకీతో పాటు ఆ జీవితాన్ని కూడా అప్పగించమన్నారు. మగవాళ్ళలో కొందరు నాయకులయ్యారు, శాసనసభ్యులయ్యారు. ఆరుట్ల కమలాదేవి లాగా 1952లో ఆలేరు నుంచి గెలిచి సభలోకి వెళ్ళిన స్త్రీలు వేళ్ళ మీద లెక్కపెట్టదగిన వాళ్ళే. మిగిలినవాళ్ళని ఇంటికి వెళ్ళి సంసారం చేసుకోమన్నారు. వెళ్ళే ఇల్లు లేనివాళ్ళూ ఉన్నారు.

ఇలా చూస్తే నిజాం ఇచ్చిన తుపాకీకీ, పార్టీ ఇచ్చిన తుపాకీకీ ఆశయాల్లో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. రెండూ ఒకటేనని నేను అనను. కానీ ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు దించాలో నిర్ణయించిన చోట స్త్రీ రెండుసార్లూ లేదు.

ఇక లైసెన్సు అక్కర్లేని తుపాకులు కొన్ని ఉన్నాయి, అవి యూనిఫాంలో ఉంటాయి. తార్నాక నుంచి ఎంతో దూరం కాని నల్లకుంటలో 1978 మార్చిలో ఏం జరిగిందో మన తరం వాళ్ళకి గుర్తుచేయనక్కర్లేదు, చిన్నవాళ్ళ కోసం చెబుతాను. రాత్రి సినిమా చూసి భర్తతో ఇంటికి వెళ్తున్న రమీజా బీని పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్ళి అత్యాచారం చేశారు. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమంది. కేసు రాయచూరుకి మారింది. ఆమె నడవడినే బోనులో నిలబెట్టారు, 1981లో నిందితులు విడుదలయ్యారు. ఇవాళ ఆత్మరక్షణకు తుపాకీ ఇమ్మని మనం దరఖాస్తు పెట్టుకోవలసింది ఆ వ్యవస్థకే.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో, పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. ఆ తుపాకీ మన పేరు మీద పేలింది. మనల్ని అడిగి పేల్చలేదు. అది పేలాక కూడా రాత్రిపూట రోడ్డు మీద ఏ అమ్మాయి భయమూ తగ్గలేదు.

ఇంటి సంగతీ చూడాలి. తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ళ మధ్య, పెళ్ళయిన స్త్రీలలో మూడోవంతుకు పైగా భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నామని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పారు. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. మనం పిస్తోలు కొనేది కిటికీలోంచి దూకే అపరిచితుడి కోసం. తలుపు తీసుకుని లోపలికి వచ్చే మనిషి కోసం కాదు. లైసెన్సు ఆమె పేరు మీదే ఉండొచ్చు, బీరువా తాళం మాత్రం ఎవరి మొలలో ఉంటుంది? కోపం వచ్చిన రాత్రి ఆ బీరువా ఎవరు తెరుస్తారు?

ఇన్ని చెప్పాక తుపాకీ అంటేనే వద్దంటున్నానని అనుకోవద్దు. ఆ మూడు పనుల్లో ఒకటి నిస్సందేహంగా మంచిదనిపించింది, అది రేంజి. 2005లో హైదరాబాదులో పుట్టిన ఈషా సింగ్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్తోలు పోటీల్లో ఒక బంగారు పతకం, మూడు వెండి పతకాలు తెచ్చింది. పది మీటర్ల పోటీలో వాడే ఎయిర్ పిస్తోలు లాంటివి, పాయింట్ 177 బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నవి, కొనడానికి లైసెన్సు అక్కర్లేదు. దానితో ఎవరినీ ఆపలేం, నిజమే. కానీ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడటం, చేయి భుజం ఎత్తున చాచి వణక్కుండా ఉంచడం, నలుగురి ముందు గట్టిగా ఊపిరి తీసుకుని వదలడం... ఒద్దికగా ముడుచుకుని కూర్చోమని పెంచిన ఒంటికి ఇవి చిన్న పాఠాలు కావు. రేంజిలో నేర్చుకున్నది ఎవరూ స్టేషన్‌లో అప్పగించమనరు. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇంతే: పిస్తోలు గురించి తర్వాత చూద్దాం, ముందు రేంజికి వెళ్ళు, రేపు స్టేషన్‌కి నువ్వొక్కదానివే కాదు, మనం పదిమందిమి వెళదాం. వెళ్ళాం. రెండోసారి కాగితం తీసుకున్నారు.

ఆ పదిమంది అన్న మాట కూడా నేను కనిపెట్టింది కాదు, ఇక్కడి నేలే నేర్పింది. 1974లో ఉస్మానియా ఆవరణలో విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘంగా ఏర్పడి, క్యాంపస్‌లోనూ బస్సుల్లోనూ జరిగే వేధింపుల మీద, అసభ్యమైన పోస్టర్ల మీద, కట్నం మీద వీధికెక్కారు. వాళ్ళ దగ్గర ఏ ఆయుధమూ లేదు. అప్పటిదాకా 'అల్లరి' అని నవ్వేసిన దాన్ని నేరమని పిలిచారు. పిలవడానికి గుంపుగా వెళ్ళారు. ఎమర్జెన్సీ ఆ సంఘాన్ని చెదరగొట్టింది గానీ, ఆ అలవాటును చెదరగొట్టలేకపోయింది. నాలుగేళ్ళ తర్వాత రమీజా బీ కోసం వీధికొచ్చినవాళ్ళలో వాళ్ళు కూడా ఉన్నారు.

'మనకు తెలియని మన చరిత్ర'లో ముసలితనంలో ఉన్న ఆ స్త్రీలు ఆ రోజుల్ని తలుచుకుంటారు. చదివిన ప్రతిసారీ నాకు తోచేది ఒకటే: వాళ్ళు బెంగపెట్టుకున్నది తుపాకీ మీద కాదు. రాత్రిళ్ళు పొలాలకు అడ్డంపడి నడవడం, మీటింగుల్లో మాట్లాడటం, అక్షరాలు నేర్చుకోవడం, కులం అడక్కుండా కలిసి తినడం, ఇవి పోయాయని వాళ్ళ దిగులు. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి అయిలమ్మ పేరు పెట్టారు. పెట్టాల్సిన పేరే. కానీ ఆ గేటులోంచి సాయంత్రం బయటికొచ్చే అమ్మాయిలకి, మౌలాలి దాకా బస్సు ఉంటుందా, దిగిన చోట దీపం వెలుగుతుందా, స్టేషన్‌లో కాగితం తీసుకుంటారా అన్నది ఇంకా తేలలేదు. 1951లో మమ్మల్ని ఇంటికెందుకు పంపారని వాళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. దరఖాస్తులోని ఆ కాలమ్‌లో 'ఆత్మరక్షణ' అని రాసే ముందు, ఆ రెండో ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలో కూడా మనం గట్టిగా అడగాలి.